గాలి పీల్చే ఇంజను



కుంపటి రాజుకోవాలంటే విసనకర్రతో విసరాలి కదండీ! జెట్ విమానానికీ గాలే ప్రాణం. రాకెట్టు తనకు కావలసిన ఆక్సిజన్ తనే మోసుకుపోతుంది. జెట్ ఇంజను అలా కాదు. బయటి గాలి పీల్చి, గట్టిగా నొక్కి, అందులో ఇంధనం మండించి, వేడి వాయువును వెనక్కి చిమ్ముతుంది. ఆ తోపుకే విమానం ముందుకు సాగుతుంది. పోతూ పోతూ ఆ వాయువే టర్బైన్ రెక్కల్ని తిప్పుతుంది.

చిక్కంతా ఆ రెక్కల దగ్గరే. కొత్త ఇంజన్లలో వాయువు వేడి 1,500 డిగ్రీలు దాటుతుంది. రెక్కల లోహం అంతకు ముందే కరుగుతుంది! అందుకని రెక్క లోపల సన్నని దారులు పెట్టి, వాటిలోంచి చల్లటి గాలి పంపుతారు. పైగా రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. పంచదార ముద్ద అతుకుల దగ్గర విడిపోతుంది. కలకండ పలుక్కి అతుకే ఉండదు. ఇదీ అంతే.

తేజస్ విమానం మనం కట్టుకున్నదే, ఇంజను మాత్రం అమెరికాది. 1989లో మొదలైన మన కావేరి ఇంజను దానికి చాలినంత బలం ఇవ్వలేకపోయింది. అమ్మేవాళ్లు వంటకం ఇస్తారు గాని, పాకం చెప్పరు కదా! ఆ పాకం హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని డి.ఎమ్.ఆర్.ఎల్. పరిశోధనశాల సొంతంగా పట్టింది. 2021లో హెలికాప్టరు ఇంజను కోసం అలాంటి రెక్కలు 60 చేసి ఇచ్చింది.

మిగతా పాకం మన పిల్లలు పట్టాలి. అమ్మాయి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, పనికి పిలవకండి.