చేతికి అబ్బే చదువు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలుగా ఈ కన్నడ నేల మీద మన పాఠశాల తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నది. 'దిద్దుట' అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. వ్రాసిన గీత మీదనే మరల వ్రాయటం ఒకటి, తప్పును సవరించటం రెండవది. చేతి విద్య ఏదైనా ఎట్లా అలవడుతుందో ఆ ఒక్క మాటలోనే ఉన్నది. మరల మరల చేయటం మాత్రమే చాలదు. చేసిన ప్రతిసారీ సవరణ కూడా ఉండాలి.

మొదటిసారి బలపం పట్టిన పసివాణ్ణి గమనించండి. వ్రేళ్లు బిగుసుకొని ఉంటాయి. భుజమంతా కదులుతుంది. కన్ను ప్రతి గీతనూ వెంబడిస్తుంది. సాధన సాగినకొద్దీ కదలిక భుజం నుండి మణికట్టుకు, అక్కడి నుండి వ్రేళ్లకు దిగుతుంది. ముక్కలు ముక్కలుగా వచ్చిన అక్షరం ఒకే ఒరవడిలో వస్తుంది. ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో దీనిని మూడు దశలుగా వివరించారు: ఆలోచించి చేయటం, కదలికలు ఒకదానితో ఒకటి కుదురుకోవటం, అప్రయత్నంగా చేయగలగటం. మూడవ దశకు చేరిన విద్యార్థే అక్షరాన్ని మరచి భావం మీద మనసు నిలుపగలడు. కనుక చేతివ్రాత అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు.

తలచిన కదలికకూ, జరిగిన కదలికకూ గల తేడాను గుర్తించి తరువాతి ప్రయత్నాన్ని సవరించటంలో చిన్నమెదడు ముఖ్యపాత్ర వహిస్తుంది. ఈ జ్ఞాపకం పాఠం గుర్తుండటం వంటిది కాదు. శస్త్రచికిత్స అనంతరం కొత్త సంగతులేవీ గుర్తు నిలువని ఒక రోగి, అద్దంలో చూస్తూ నక్షత్రపు బొమ్మ చుట్టూ గీత గీయటం మూడు రోజులలో నేర్చుకొన్నాడని 1962లో బ్రెండా మిల్నర్ తెలిపారు. ఆ పని మునుపు చేసినట్లే అతనికి గుర్తు లేదు. అయినా చేయి నేర్చింది! అందువల్లనే నియమాన్ని వల్లె వేయించినంత మాత్రాన వ్రాత కుదరదు.

మన పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. 'క' అక్షరం తెలుగులోనూ కన్నడంలోనూ దాదాపు ఒకే ఆకారం, తలకట్టులోనే భేదం. ఒకదాని తలకట్టు మరొకదానికి పెట్టిన బిడ్డను అశ్రద్ధపరుడని కోప్పడకండి. బాగా అలవడిన కదలిక ముందుగా తోసుకొని వస్తుంది, అంతే. రెండింటిని ప్రక్కప్రక్కన వ్రాయించి తేడా చూపండి. గుండ్రని గీతలు త్రిప్పే నేర్పు మాత్రం రెండు లిపులకూ ఉపకరిస్తుంది.

ఆదివారం నాడు పది పుటలు వ్రాయించమని కొందరు తల్లిదండ్రులు కోరుతుంటారు. ఇంగ్లండులో టైపింగ్ నేర్చుకొంటున్న తపాలా ఉద్యోగుల మీద జరిపిన పరిశీలనను బ్యాడ్లీ, లాంగ్‌మన్ 1978లో ప్రకటించారు. రోజుకు ఒక్క గంట సాధన చేసినవారికి, నాలుగు గంటలు చేసినవారికన్నా మొత్తం మీద తక్కువ గంటలు సరిపోయాయి. రోజులు మాత్రం ఎక్కువ పట్టాయి. విశేషమేమంటే, తమ శిక్షణ పట్ల అతి తక్కువ తృప్తి కలిగినదీ వారికే! నిదానంగా నేర్చుకొంటున్నప్పుడు ఏమీ రావటం లేదనిపించటం సహజం. ఆ అసంతృప్తికి లొంగి పిల్లలను తొందరపెట్టరాదు.

కనుక నా మనవి ఇది. ప్రతిదినం పదిహేను నిమిషాలు మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని వ్రాయించండి. ఒక పూటకు ఒక్క దోషమే చెప్పండి. మొదట చేయి పట్టి దిద్దించినా, త్వరలోనే వదిలివేయండి. తన పొరపాటును తాను చూచుకోనిదే చేయి నేర్వదు.

తెలుగు చక్కగా మాట్లాడుతూ నాలుగు పంక్తులు వ్రాయలేనివారు మన కుటుంబాలలోనే ఉన్నారు. పూర్వ విద్యార్థులారా, అభ్యాసం తప్పిన చేయి మొద్దుబారుతుందే గాని నేర్చినది బొత్తిగా మరువదు. మరల మొదలుపెడితే, క్రొత్తగా నేర్చేవారికన్నా త్వరగా కుదురుకొంటుంది. మీ పిల్లలు చూస్తుండగా మీరూ కలం పట్టండి. పెద్దలు వ్రాసే ఇంట పిల్లలకు వ్రాయాలన్న కోరిక పుడుతుంది. ఈ బడి మరికొన్ని తరాలు నిలవటానికి అంతకన్న గట్టి పునాది లేదు.