మంట లేని దహనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



రోగిని బ్రతికించిన మందు ఏటిలో గలిసిన పిదప ఏమి చేయునో విచారించువారు అరుదు. హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీరు ఒక సామూహిక శుద్ధికేంద్రమునకు చేరుచుండెడిది. అచట శుద్ధియై వెలువడిన నీటినే స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరునకు 28 మొదలు 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అందు గానవచ్చెను. ఆ మందు మ్రింగిన రోగి నెత్తుటిలోనైనను అంత యుండదు! దినమునకు వెలువడు నీరు సుమారు 15 లక్షల లీటర్లు. తక్కువ అంకెతో గుణించినను 42 కిలోల మందు. ఆ నీరు వాగులవెంట మంజీరానదికి సాగెడిది.

శుద్ధికేంద్రముండియు ఇట్లేల జరిగెనని అడుగవచ్చును. సాధారణముగా అట్టిచోట మలినమును హరించునవి యంత్రములు కావు, సూక్ష్మజీవులు. గాలి యూదెడి తొట్లలో అవి మలినమును మేసి పెరుగును. సూక్ష్మజీవులను జంపుటకే చేసిన మందును వానికడకు బంపుట, ఎద్దునకు విషపుమేత వేసి కాడి గట్టుట వంటిది. చావక మిగిలినవాని వలన కీడు మరింత హెచ్చు. మందునకు లొంగని గుణమును అవి యొకదానికొకటి అందించుకొనును. అట్టి క్రిములు సోకి పసిబిడ్డ జ్వరపడినచో వైద్యుడిచ్చిన మందు వ్యర్థమగును.

కావున ఆ మందును ముందుగా రసాయనముచే విరుగగొట్టవలెను. 1894లో ఫెంటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు టార్టారిక్ ఆమ్లమును, అనగా మన చింతపండునకు పులుపునిచ్చు దానినే, ఇనుప లవణముతోను హైడ్రోజన్ పెరాక్సైడుతోను కలిపి, అది ఆక్సీకరణము చెందు తీరును వివరించెను. ఇనుప లవణమన్న బెదరనక్కరలేదు. పూర్వము కరక్కాయ కషాయమున వేసి సిరా కాచిన అన్నభేది అట్టిదే. పెరాక్సైడు ఆసుపత్రిలో పుండు కడుగునపుడు నురుగు గ్రక్కునది. ఈ రెండును గలిసినపుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనునది పుట్టును. దాని ఆయువు సెకనులో పదిలక్షలవ వంతైనను లేదు. ఆ లోపలనే దగ్గరనున్న అణువుపై బడి దానిని చీల్చును. ఇది మంట లేని దహనము.

అయితే దానికి తన పర భేదము లేదు. మందునేగాక ఎదురైన ప్రతి మలినమును కాల్చుచు వ్యయమైపోవును. అందుచేత పలు కర్మాగారముల నీరు కలిసిన పిదప గాక, మందు చేసిన చోటనే, ఆ కడుగునీటిని వేరుగానుంచి ఈ పని చేయుట మేలు. నీరు బాగుగా పుల్లగానుండవలెను, పి.హెచ్. 3 ప్రాంతమున ఇది చక్కగా సాగును. పిమ్మట సున్నము వేసి పులుపు విరిచినచో ఇనుము తుప్పురంగు బురదయై అడుగున దిగును. ఆ బురదను తీసి భద్రపరచుట వేరొక ఖర్చు. ఓజోను వాయువుతో చేసినచో బురద యుండదుగాని విద్యుత్తు హెచ్చుగా గావలెను.

మరియొక చిక్కు గలదు. దహనము సగములో నిలిచినచో మందు పేరు పరీక్షలో గానరాకున్నను దాని ముక్కలలో క్రిములను జంపు శక్తి కొంత మిగిలియుండవచ్చును. ఖాతా పేరు మార్చినంతమాత్రమున బాకీ తీరదు గదా! అందుచే ఆ నీటిలో సూక్ష్మజీవులను విడిచి, అవి యథాప్రకారము పెరుగుచున్నవా యని చూడవలెను. పెరిగినచో ఆ నీటిని తొట్లకు బంపవచ్చును. అప్పుడు మిగిలిన ముక్కలు వానికి మేతయగును.