విద్యాలయమున పుట్టిన వ్యాపారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గమువారు నన్ను కావ్యములను గూర్చి మాటాడుమనిరి. నేను వేరొక విషయము నెత్తుకొనుచున్నాను, క్షమింపుడు. లెక్కలు వ్రాసి జీవించువానికి ఏ కథ విన్నను జమ యెంత, ఖర్చెంత, బాకీ యెవరిది యను ప్రశ్నయే ముందు తోచును. నేడు మన పిల్లలు చేతి ఫోనులో ఏ సంగతి కావలసినను గూగుల్‌లో వెదకుచున్నారు గదా! ఆ సంస్థ మొలక యెత్తినది బజారులో కాదు. గ్రంథాలయములను గూర్చిన ఒక పరిశోధనలో. అందుచేత ఈ సభలో దాని ప్రసక్తి అనుచితము కాదని నా విశ్వాసము.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము కలదు. కంప్యూటర్లలో నిలువచేసిన గ్రంథాలయము ఎట్లుండవలెనో తెలిసికొనుటకై 1990 తరువాతి సంవత్సరములలో అచ్చట ఒక పరిశోధన సాగినది. దానికి ఆ దేశపు ప్రభుత్వ విజ్ఞాన సంస్థ ధనసహాయము చేసినది. అనగా పన్ను కట్టిన ప్రజల సొమ్ము. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను ఇరువురు పరిశోధక విద్యార్థులు ఆ నీడను పనిచేసిరి.

వారి యోచన మన దస్తావేజుల పద్ధతికి మిక్కిలి దగ్గర. క్రయపత్రముపై పదిమంది అనామకులు చేసిన సాక్షి సంతకములకంటె, ఊరిలో మాటకు విలువగల ఒక్కని సంతకము బరువైనది. ఆ ఒక్కనికి విలువ యెట్లు కలిగెను? విలువగల మరికొందరు అతనిని నమ్ముటచేత. ఇంటర్నెట్టులో ఒక పుట మరియొక పుటను చూడుమని చూపుచుండును. అట్లు చూపుటను వారు సాక్ష్యముగా గ్రహించిరి. చూపిన పుటకు గల గౌరవమునుబట్టి ఆ సాక్ష్యమునకు వెలకట్టిరి. ఒకే పుట నూరింటిని చూపినచో ఆ వెలను నూరింటికి పంచిరి. అడిగినవానికెల్ల సంతకము చేయువాని సాక్ష్యము పలుచన యగుట మనమెరిగినదే. కోట్లకొలది పుటలకు ఈ లెక్కచే వరుస నిర్ణయింపబడెను. ఈ గణితమును వివరించిన పత్రమునకు, కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన ఆచార్య రాజీవ్ మోత్వానీయు ఒక సహరచయిత.

మొదట వారు దీనిని అమ్మజూచిరి, కొనువారు లేకపోయిరి. 1998 ఆగస్టులో ఆండీ బెక్టోల్‌షైమ్ అను ధనికుడు లక్ష డాలర్ల చెక్కు వ్రాసి యిచ్చెను. ఆయనయు పూర్వము స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థిగా కంప్యూటరొకటి రూపొందించి, 1982లో దానితో వ్యాపారము పెట్టినవాడే. చెక్కు గూగుల్ కంపెనీ పేర నున్నది. ఆ కంపెనీ యింకను పుట్టలేదు! పుట్టని బిడ్డ పేర వ్రాసిన పట్టా వంటిది. సెప్టెంబరు 4న కంపెనీ రిజిస్టరయిన పిదపగాని ఆ సొమ్ము చేతికి రాలేదు. ఇరువురును డాక్టరేటు పట్టము పొందకయే చదువు విడిచిరి.

ఇక లెక్క. ప్రభుత్వ ధనముతో కనిపెట్టిన దానిపై విశ్వవిద్యాలయము హక్కు పొందవచ్చునని ఆ దేశమున 1980లో శాసనమయ్యెను. కావున పేటెంటు స్టాన్‌ఫర్డ్ పేర నున్నది; ప్రభుత్వ సహాయము సంగతి పేటెంటులోనే వ్రాయబడియున్నది. ఆ హక్కును వాడుకొనుటకు ప్రతిగా కంపెనీ 18 లక్షల వాటాలిచ్చెను. 2005 నాటికి వాటిని అమ్మగా విశ్వవిద్యాలయమునకు 33.6 కోట్ల డాలర్లు ముట్టినవి. రఘువంశమున వరతంతు మహర్షి శిష్యుని మొండితనమునకు కోపించి, పదునాలుగు విద్యలకు పదునాలుగు కోట్లు తెమ్మనెను. ఇచట గురువునకు కోపము లేదు, కరారునామా కలదు. దక్షిణ మాత్రము అధికము.

విద్యను అమ్ముట పాపమనువారితో నేను ఏకీభవింపను. ఆ గణితము విశ్వవిద్యాలయపు బీరువాలోనే యుండినచో మన యూరికి వచ్చెడిది కాదు. నా సందేహము వేరు. 1998లో తమ యంత్రమును వర్ణించిన పత్రములోనే ఆ విద్యార్థులు, ప్రకటనలపై బ్రదుకు వెదకుడు యంత్రము ప్రకటనదారుని వైపే మొగ్గునని హెచ్చరించిరి. విద్యాలోకమున అందరికిని పనితీరు కనబడునట్టి యంత్రమొకటి ఉండవలెననిరి. 2000వ సంవత్సరమున వారే ప్రకటనలు అమ్మసాగిరి. నేటికిని ఆ సంస్థకు ముఖ్యాదాయమదియే. వరుస నిర్ణయించు పూర్తి లెక్క నేడు బయటివారికి కనబడదు. గురువు బాకీ తీరినది గాని, పన్ను కట్టిన ప్రజకును, తమ పుటలలో సాక్ష్యము వ్రాసిన లక్షలాది మందికిని ఏ పద్దు క్రింద ఏమి జమ పడెనో నాకు తెలియరాదు. వారు ఉచితముగా వెదకుచున్నారు గదా యని ఒక మిత్రుడనెను. లెక్క కనబడని చోట ఉచితమను మాటను నేను ఖాతాకెక్కింపజాలను.

మన గ్రంథాలయమున ఏ ప్రచురణకర్త డబ్బిచ్చినను పుస్తకము ముందు వరుసలోనికి రాదు. ఫోనులో మిరప తెగులునకు మందు వెదకు రైతు సోదరులు పై వరుసలను నిదానించి చూడవలెను. వెల చెల్లించిన వానిపై ‘స్పాన్సర్డ్’ అని చిన్న అక్షరములతో వ్రాసియుండును. సాక్ష్యబలముచే వచ్చినవి దాని క్రింద నుండును. చదువరాని వారికి ఆ చిన్న అక్షరములను చదివి చెప్పుటకు సాయంకాలము ఆరు మొదలు ఎనిమిది వరకు నేను పఠన మందిరమున నుందును.