సంతకం ఎవరి చేతిలో ఉంది?



మన వాడల్లో మిలట్రీలో చేసొచ్చినోళ్ల ఇళ్లున్నాయి. వాళ్ల పిల్లల చదువుకు గవర్నమెంటిచ్చే సాయం ఎంత దక్కిందని అడగడానికే ఇవాళ నిలబడ్డాం. ముందు అమెరికా సంగతి వినండి. అంత దూరం ఎందుకంటారా? చెబుతాం.

1944 జూన్ 22న అక్కడి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జీఐ బిల్లు మీద సంతకం పెట్టాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయికి ఏడాదికి 500 డాలర్ల దాకా కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు, పైగా నెలనెలా భత్యం. 22 లక్షల మంది కాలేజీ మెట్లెక్కారు. కూలోళ్ల బిడ్డలు ఇంజనీర్లయ్యారు. చట్టంలో నలుపు, తెలుపు అన్న మాటే లేదు.

మరి నల్ల సిపాయికి ఏమైంది? బిల్లును నడిపించిన పార్లమెంటు కమిటీ ఛైర్మన్ మిసిసిపీకి చెందిన జాన్ రాంకిన్, పచ్చి జాత్యహంకారి. డబ్బు ఢిల్లీది, పెత్తనం ఊరి పెద్దలది అన్నట్టు, అమలు రాష్ట్రాల చేతుల్లో, స్థానిక ఆఫీసుల చేతుల్లో ఉండాలని పట్టుబట్టాడు. ఆ ఆఫీసుల్లో కూర్చున్నది తెల్లోళ్లే. దక్షిణాది తెల్లవాళ్ల యూనివర్సిటీలు నల్లవాణ్ణి గడప తొక్కనివ్వలేదు. నల్లవాళ్ల కాలేజీలు కొన్నే, అవీ చిన్నవి. చోటు లేక వేలమందిని తిప్పి పంపాయి. అదే చట్టం కింద అప్పులకూ హామీ ఉంది. 1947లో లెక్క తీస్తే, మిసిసిపీలో ఇళ్లకు, పొలాలకు, వ్యాపారాలకు ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లవాళ్లకు దక్కినవి రెండు. రెండంటే రెండే!

మనకిది కొత్తా? బాబాసాహెబ్ తండ్రి రాంజీ సుబేదారు. పట్టాళం బడిలో పాఠాలు చెప్పినవాడు. అంటరానోళ్లని ఊరు తరిమిన ఇంటికి అక్షరం ఆ దారినే వచ్చింది. 1890లలో 'యుద్ధ జాతులు' అనే వంకతో తెల్లదొరలు మహార్లను చేర్చుకోవడం మానేశారు. కొలువుతో పాటే బడీ పోయింది.

ఇక మన సంగతి. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ 2006 నుంచి ఉంది. అందులోనూ కులం మాట లేదు. ఇంటర్లో 60 శాతం మార్కులు కావాలంటారు. పొద్దున నాట్లకు పోయి మధ్యాహ్నం బడికొచ్చే పిల్లను మేం రోజూ చూస్తున్నాం, ఆ 60 శాతం ఎవరి ఇంట్లో పండుతుందో మాకు తెలుసు. అర్జీ కంప్యూటర్లో పెట్టాలి. దాని సంగతి వాడకొచ్చి చెప్పేవాడెవడు?

అందుకే కార్యకర్తలకు పని చెబుతున్నాం. వచ్చే పక్షం లోపల ప్రతి వాడలో డిశ్చార్జి బుక్కున్న ఇళ్లు లెక్కపెట్టండి. ఏ పిల్లకి ఏం అందిందో, ఏది అందలేదో నోటుబుక్కులో రాయండి. తర్వాత ఆ తల్లిదండ్రులనే ముందు పెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకు పోదాం, ఇన్నేళ్లలో సాయం ఏ ఊళ్లకు, ఏ ఇళ్లకు పోయిందో పట్టీ అడుగుదాం.