బంతి ఎంత దూరం పోయింది?

(చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మనం ఒక ఆటబొమ్మ చేసుకుందాం. బంతిని విసిరే బొమ్మ. "ఇంత వయసు వచ్చాక మాకు బొమ్మలేమిటి?" అని నవ్వకండి. ఈ బొమ్మలో చేతికి పని ఉంది. బుద్ధికి పని ఉంది. మనం నేర్చుకున్న అక్షరాలకూ అంకెలకూ పని ఉంది. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. వాడని చదువూ అంతే.

విసరడం మనకు కొత్త కాదు. జొన్న చేలో మంచె ఎక్కి, వడిసెల తిప్పి పిట్టలను తోలిన చేతులు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. వడిసెలలో రాయి పెట్టి, గిరగిరా తిప్పి, ఒక కొస వదిలితే రాయి ఎంతో దూరం పోతుంది. ఉత్త చేత్తో విసిరితే అంత దూరం పోదు. మన బొమ్మలో రాయి ఉండదు. తిప్పడం ఉండదు. వంచిన పుల్లే బంతిని విసురుతుంది.

ఏమేమి కావాలి?

పుల్లఐసు పుల్లలు 9. రబ్బరు బ్యాండ్లు 6. ప్లాస్టిక్ చెంచా 1. పాత కాగితం కొంచెం. పుల్లలు లేకపోతే వెదురు బద్దలను పలచగా, నున్నగా చెక్కుకోండి. అన్నీ ఒకే పొడవు ఉండాలి. రబ్బరు బ్యాండ్లు లేకపోతే పాత సైకిలు ట్యూబును సన్నగా అడ్డంగా కోయండి. గాజుల్లాగా రబ్బరు చుట్లు వస్తాయి.

ఎలా చేయాలి?

1. 7 పుల్లలను ఒకదాని మీద ఒకటి పేర్చండి. రెండు చివరలా బ్యాండు బిగించండి. ఇది కట్ట.

2. మిగిలిన 2 పుల్లలను జతగా పెట్టి, ఒక చివర మాత్రమే బ్యాండు చుట్టండి. రెండో చివర పట్టకారు నోరులాగా తెరుచుకుంటుంది.

3. ఆ నోట్లోకి కట్టను అడ్డంగా దూర్చి, బ్యాండు ఉన్న చివర వైపుకి జరపండి.

4. కట్టా పుల్లలూ కలిసిన చోట బ్యాండును అటూ ఇటూ అడ్డంగా వేసి బిగించండి.

5. పై పుల్ల మీద చెంచా కాడను ఆనించి, 2 బ్యాండ్లతో కట్టండి. చెంచా గుంట తెరిచిన చివర వైపు ఉండాలి. గుంట పైకి చూడాలి.

6. కాగితాన్ని తడిపి, పిండి, ఉసిరికాయంత ఉండ చేయండి. ఎండబెట్టండి. ఇదే బంతి.

బొమ్మను నేల మీద పెట్టండి. ఎడమ చేత్తో కింది పుల్లను అదిమి పట్టుకోండి. బంతిని చెంచాలో పెట్టి, చెంచాను వేలితో కిందికి నొక్కి, వదలండి. బంతి ఎగురుతుంది! ఎగరలేదా? కట్లు వదులుగా ఉన్నాయేమో చూడండి. బిగించి మళ్లీ వేయండి.

ఎందుకు ఎగిరింది? మీ వేలు నొక్కినప్పుడు పుల్ల వంగింది. మీ బలం ఆ వంపులో దాగింది. వదలగానే పుల్ల తిరిగి లేచి, ఆ బలాన్ని బంతికి ఇచ్చింది. విల్లు పని చేసేదీ ఇలాగే.

ఒక జాగ్రత్త. రాళ్లు, గోలీలు పెట్టవద్దు. మనిషి వైపు, పశువు వైపు గురి పెట్టవద్దు. బొమ్మ మీదికి వంగి చూడవద్దు. కన్ను పోతే తిరిగి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. బంతి ఎంత దూరం పోయింది? "చాలా దూరం పోయింది" అంటే చాలదు. కొలవాలి. బంతి మొదట పడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. బొమ్మ దగ్గర నుంచి అక్కడికి జానలు వేయండి. ఆ తర్వాత మీ అమ్మాయిని కూడా జానలు వేయమనండి. మీకు 7 జానలు వచ్చిన చోట అమ్మాయికి 9 రావచ్చు. దూరం మారలేదు. చేయి మారింది. అందుకే అందరికీ ఒకే కొలత కావాలి. మన దేశంలో మీటరు, కిలో కొలతలకు 1956లో చట్టం చేశారు. జాన మనిషికొకటి. మీటరు అందరిదీ ఒకటే. కాబట్టి ఇప్పుడు టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాయండి.

ఒక్కసారి వేస్తే సరిపోదు. మూడుసార్లు వేయండి. 140, 160, 150 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. కూడితే 450. మూడుతో భాగిస్తే 150. ఇది సగటు.

తర్వాత కట్టలో 7 పుల్లలకు బదులు 5 పెట్టి వేయండి. దూరం పెరిగిందా, తగ్గిందా? నేను చెప్పను. మీరే కొలిచి రాయండి. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి. పప్పులో ఉప్పు, కారం, పులుపు మూడూ ఒకేసారి మారిస్తే రుచి దేనివల్ల మారిందో తెలుస్తుందా? ఇదీ అంతే.

ఈ ఆటలో ఆడపిల్లకు సమంగా వంతు ఇవ్వండి. తమ్ముడు విసురుతుంటే అక్క బంతి ఏరి తెచ్చే ఆట కాదు ఇది. ఇద్దరూ విసరాలి. ఇద్దరూ కొలవాలి. ఇద్దరూ రాయాలి.

అక్కలారా, బంతి దగ్గర నేర్చిన కొలత బంతి దగ్గరే ఆగదు. మట్టి పనిలో తవ్విన గుంతను కొలిచి కూలి కడతారు. కొట్లో గుడ్డ కొలిచి డబ్బు అడుగుతారు. పొలం గట్టు జరిగిందంటే టేపు పట్టుకుని చూస్తారు. ఇన్నాళ్లూ ఎవరో కొలిచారు, ఎవరో రాశారు, మనం వేలిముద్ర వేశాం. ఇక మీదట టేపు రెండో కొస మన చేతిలో ఉండాలి. ఎన్ని సెంటీమీటర్లో మన కళ్లు చదవాలి. మన కాగితం మీద మన చేతి రాత ఉండాలి. అప్పుడు "లెక్క తప్పింది, మళ్లీ కొలవండి" అని ధైర్యంగా అడగగలం.

వచ్చే వారం ఇక్కడికి వచ్చేటప్పుడు మీ బొమ్మ తీసుకురండి. మీ లెక్క రాసిన కాగితమూ తీసుకురండి. ఒక్కొక్కరే నిలబడి, గట్టిగా చదివి వినిపించండి. అందరం వింటాం.