రాత్రివేళ సొరచేపల వేట



సొరచేప అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది సినిమాలో నీళ్ళను చీల్చుకుంటూ వచ్చే వీపు మీది రెక్క. మా కాకినాడ వైపు వాళ్ళకి మాత్రం బాలింత కంచంలో వేడివేడిగా వడ్డించే సొరపుట్టు కూడా గుర్తుకొస్తుంది. ఈ రెండూ కాని ఇంకో సొరచేపను నేను చూశాను. నడిరాత్రి సముద్రం మీద, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో. ఆ సంగతే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

2023 వేసవిలో న్యూజెర్సీలో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. వాడికీ, వాడితో పనిచేసే స్నేహితుడికీ గాలం పిచ్చి. ఇద్దరూ కలిసి ఒక రాత్రికి పడవ మాట్లాడారు. మనం పెళ్ళికి వెళ్ళటానికి కారు కుదుర్చుకున్నట్టే, అక్కడ చేపల వేటకి పడవనీ, నడిపేవాణ్ణీ, గాలాలనీ కలిపి ఒక పూటకి కుదుర్చుకుంటారు. దాన్ని చార్టర్ బోటు అంటారు. "సముద్రం ఒడ్డున పుట్టి పడవకి భయపడతావేమిటక్కా!" అని తమ్ముడు నన్నూ బయలుదేరదీశాడు. మరదలూ, పదేళ్ళ మేనల్లుడూ సరేసరి.

న్యూయార్కు నగరానికి తూర్పుగా సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్ చిట్టచివర మాంటాక్ అనే ఊరుంది. 1796లో కట్టిన దీపస్తంభం అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. సొరచేపల వేటకి ఆ ఊరు పెట్టింది పేరు. ఆ పేరు తెచ్చినవాడు ఫ్రాంక్ మండస్ అనే పడవ సరంగు. 1951లో వేరే చేపల కోసం జనాన్ని తీసుకెళ్ళటానికి అక్కడికి చేరాడు. గాలానికి సొరలే తగులుతుంటే, దాన్నే వ్యాపారం చేసుకుని 'రాక్షసుల వేట' అని ప్రచారం చేశాడు. చెవికి పోగు, కాలి గోళ్ళకి ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఆకుపచ్చ రంగు. పడవకి ఎడమా కుడీ గుర్తు దీపాల రంగులవి! 1964లో సుమారు 2,000 కిలోలుంటుందని అంచనా వేసిన తెల్లసొరను బల్లెంతో పొడిచి పట్టాడు. 1974లో పీటర్ బెంచ్లీ 'జాస్' నవల రాశాడు, మరుసటి ఏడాది సినిమా వచ్చింది. అందులోని వేటగాడికి మూలం ఈ మండసేనని చాలామంది నమ్మారు. ఇదంతా తమ్ముడు కారులో చెబుతుంటే మా మేనల్లుడి కళ్ళు చింతాకులంతైనా మూతపడలేదు.

పడవ ఎక్కేటప్పుడే ఒక చిక్కు వచ్చింది. మరదలు పులిహోరతోపాటు అరటిపళ్ళ అత్తం తెచ్చింది. సరంగు చూసి చేతులడ్డంపెట్టాడు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని వాళ్ళ నమ్మకమట! మనకి పిల్లి ఎదురొచ్చినట్టే. పళ్ళు కారులో పెట్టి వచ్చాం. శకునాలు మనకేనా ఉన్నది అని నవ్వుకున్నాం.

మూడుగంటల ప్రయాణం తరవాత ఇంజను ఆపేశారు. ఒడ్డు దీపాలు ఎప్పుడో కనుమరుగయ్యాయి. నీళ్ళు పడవకి తగిలే చప్పుడు తప్ప మరోటి లేదు. నేను శాలువా కప్పుకుని, వాంతి రాకుండా అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని కూచున్నాను.

వేట పద్ధతి చెబుతాను వినండి. నూనె ఎక్కువగా ఉండే చేపల్ని మెత్తగా నూరి, బకెట్లలో ముందే గడ్డకట్టించి తెస్తారు. ఆ గడ్డను చిల్లుల తొట్టెలో వేసి పడవ పక్కన నీళ్ళలోకి దించుతారు. కాస్తకాస్తగా కరుగుతూ నూనె తెట్టు కట్టి, గాలికి పడవ కొట్టుకుపోతున్నకొద్దీ వెనకాల మైళ్ళ పొడుగునా దారి పరుస్తుంది. మనింట్లో ఇంగువ పోపు వేస్తే వీధి చివర వాళ్ళకి తెలియటంలేదూ? అల్లాగే. ఆ వాసన పట్టుకుని సొర దానంతట అదే వస్తుంది. ఇక గాలాలకి మాకరెల్ చేప ముక్కలు గుచ్చి, ఒకటి పైపైన, ఒకటి మధ్యన, ఒకటి లోతున వదులుతారు. తాడు తేలటానికి పిల్లల పుట్టినరోజుకి కట్టే గాలిబుడగలే కడతారు! చీకట్లో కనబడటానికి వాటికి విరిస్తే వెలిగే ప్లాస్టిక్ కడ్డీలు తగిలించారు. నల్లటి నీళ్ళ మీద మూడు పచ్చటి చుక్కలు.

ఆ చీకటి మనకే, దానికి కాదు. సొర కన్ను వెనక పిల్లి కంటిలో ఉండేటటువంటి అద్దంలాటి పొర ఉంటుంది. కొద్దిపాటి వెలుతురు చాలు. అదికాక మూతి మీద జిగురు నిండిన సన్నటి రంధ్రాలుంటాయి. పక్కన మరో చేప కదిలితే పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును కూడా వాటితో పసిగడుతుంది.

పదకొండు దాటింది. పులిహోర అయిపోయింది, పిల్లవాడు నా ఒళ్ళో తలపెట్టి జోగుతున్నాడు. చూస్తూండగానే మధ్య చుక్క మాయమైంది. గాలం చక్రం కిర్రుమని అరవటం మొదలెట్టింది. తమ్ముడికి నడుముకి పట్టీ బిగించారు. అరగంటకి పైగా లాగటం, వదలటం, లాగటం. చలిలో వాడికి చెమటలు కారిపోయాయి.

దీపం వెలుగులోకి వచ్చినప్పుడు నిజం చెప్పొద్దూ, నా భయం ఎటు పోయిందో తెలియదు. ఏడడుగుల పొడుగు. వీపు సిరాబుడ్డిలో ముంచి తీసినట్టు నీలం, పొట్ట మల్లెపూవు తెలుపు, ఇంత పెద్ద నల్లటి కన్ను. నీలిసొర. పక్కలమీద పాత గాట్లు కనపడ్డాయి. సరంగు వంగి చూసి, "ఆడది" అన్నాడు. మగవి జతకట్టేటప్పుడు కొరికి పట్టుకుంటాయట, ఆ గాట్లవి. అందుకని ఆడదాని చర్మం మగదానికంటే మందంగా ఉంటుందిట. నేనూ మరదలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

అక్కడి చట్టం ప్రకారం కొలతకి మించిన నీలిసొరను పడవకి ఒకటి తీసుకోవచ్చు. సరంగు తమ్ముడి వైపు చూశాడు. స్నేహితుడు పైకి లాగుదామన్నాడు, డబ్బు పోసి వచ్చాం కదా మరి. మేనల్లుడు వేలాడదీసి ఫొటో తీయించుకోవాలని గంతులేస్తున్నాడు. తమ్ముడు నా వైపు తిరిగాడు. నేనేం పెద్ద ఆలోచించి అనలేదు. "కడుపుతో ఉందేమోరా, వదిలెయ్యి" అన్నాను. వాడు తలూపాడు.

గాలం గుండ్రటి వంకీది కాబట్టి మింగుడుపడకుండా దవడ మూల తగులుకుంది. అక్కడ సొరలకి ఎర గుచ్చి వేసేటప్పుడు ఈ రకమే వాడాలని 2018 నుంచి నిబంధన. కళాసీ పొడుగు కర్రతో వీపు రెక్క మొదట్లో అంకె వేసిన చిన్న చీటీ గుచ్చి, గాలం తప్పించాడు. ఒక్క ఊపు ఊగి నల్లటి నీళ్ళలో కలిసిపోయింది. ఆ చీటీల పద్ధతి 1962లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు వేటగాళ్ళ సాయంతోనే మొదలుపెట్టారు. అమెరికా దగ్గర చీటీ గుచ్చిన నీలిసొరలు అట్లాంటిక్ దాటి యూరప్ వైపు దొరికాయంటే, ఎంత ప్రయాణమో చూడండి!

మేనల్లుడు అలిగి మూతి ముడిచాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. మనం తినే శీలావతి, బొచ్చె లక్షల గుడ్లు పెడతాయి. సొర అల్లా కాదు. నీలిసొర తొమ్మిది నుంచి పన్నెండు నెలలు మోస్తుంది. లోపలి పిల్లలకి బొడ్డుతాడు కూడా ఉంటుంది. మేకో అనే సొర ఈడు రావటానికే దాదాపు ఇరవై ఏళ్ళు పడుతుంది, ఆ పైన పదిహేను నెలలకి తక్కువ కాకుండా మోస్తుంది. అందుకే 2022 నుంచి అక్కడ మేకోను ఒడ్డుకి తేవటం నిషేధించారు. వడ్డీ తింటే ఇల్లు నిలుస్తుంది, అసలు తింటే నిలవదు. ప్రపంచం మొత్తంమీద ఏటా సుమారు 10 కోట్ల సొరలు చస్తున్నాయని 2013లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. సొరలవల్ల చనిపోయే మనుషులు సగటున ఏటా పదిమంది లోపే. ఇక ఎవరిని చూసి ఎవరు భయపడాలి?

ఆ మండస్ సంగతి చెప్పి ముగించలేదు కదూ. 1986లో మరొకతనితో కలిసి 1,550 కిలోల తెల్లసొరను గాలంతో పట్టినవాడే, చివరి రోజుల్లో గుండ్రటి గాలాలు వాడండి, పట్టి వదలండి అని చెబుతూ తిరిగాడు. 2008లో పోయాడు. 'జాస్' రాసిన బెంచ్లీ కూడా 2006లో పోయేదాకా సొరల తరఫునే మాట్లాడాడు.

ఇంటికి వచ్చాక నా పరీక్ష నాకొచ్చింది. 2024లో మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. మా అమ్మ రెండోవారమే పాలసొర తెప్పించమంది. నా పురుళ్ళకి ఆవిడ చేతి సొరపుట్టు తినే నేను లేచి తిరిగాను. పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా వేయించి, వెల్లుల్లి దండిగా వేసి, ఆ రుచి నేను మరవలేదు. కానీ సొర ఇతర చేపల్ని తిని బతికే చేప, వాటిలోని పాదరసమంతా దాని ఒంట్లో చేరుతుంది. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ సొరను తినకూడదని అమెరికా ఆహార, ఔషధ శాఖ చెబుతోంది. అదే అమ్మతో అన్నాను. "మీరంతా తినే పెరిగారు" అని రెండురోజులు నాతో మాట్లాడలేదు.

మూడోనాడు ఆవిడ పక్కన కూచుని, ఆ నీలిసొర గాట్లూ, బొడ్డుతాడూ అన్నీ చెప్పాను. ఇంకో మాటా చెప్పాను. గుజరాత్ తీరానికి తిమింగల సొరలు వస్తాయి. వాటిని విపరీతంగా చంపేవారు. 2001లో మన ప్రభుత్వం ఆ వేట నిషేధించింది. 2004లో మొరారీ బాపు జాలర్లతో, "ఇది పురిటికి పుట్టింటికి వచ్చిన మన ఆడపిల్ల, చంపుతామా?" అన్న భావంతో చెప్పారు. అప్పటినుంచి జాలర్లు తమ వల ఖరీదైనదైనా కోసి, వందలాది సొరల్ని వదిలారు.

అమ్మ చాలాసేపు ఊరుకుంది. తరవాత లేచి వంటింట్లోకి వెళ్ళి, మనవరాలికి వెల్లుల్లి కారం నూరింది. సొర మాట మళ్ళీ ఎత్తలేదు.