రేమండ్ ఏ ఊరివాడు?



హైదరాబాదులో మూసారాంబాగ్ పేరు వినని తెలుగువారు అరుదు. అక్కడికి దగ్గర్లో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక రాతి స్తంభం ఉంది. దాని మీద చెక్కినవి రెండే అక్షరాలు: జె.ఆర్. నిజాం అలీఖాన్ కొలువులో సేనానిగా ఉండి 1798 మార్చి 25న కన్నుమూసిన మిషెల్ జోకిం మరీ రేమండ్ సమాధి అది. హిందువులు ఆయన్ని మూసారాం అన్నారు, ముస్లింలు మూసా రహీం అన్నారు. ఏటా ఉర్సు కూడా జరిపారు. మనవాళ్ళు ఆయనతో ఇంత చుట్టరికం కలుపుకున్నారు గానీ, ఆయన అసలు చుట్టాలెవరని అడిగినవాళ్ళు తక్కువ.

బెంగళూరు సభలో హైదరాబాదు సంగతి ఎందుకంటే, రేమండ్ సిపాయి బతుకు మొదలైంది మైసూరు రాజ్యంలోనే. తండ్రి వర్తకుడు. 1775లో సోదరుడితో కలిసి పుదుచ్చేరికి వచ్చింది కూడా సరుకుల వ్యాపారానికే. తర్వాత వ్యాపారం వదిలి, హైదరలీ కొలువులోని ఫ్రెంచి పటాలంలో చేరాడు. 1783లో ఫ్రెంచి సేనాని బుస్సీ మళ్ళీ ఈ దేశానికి వచ్చినప్పుడు ఆయన పక్కన ఉన్నాడు. 1785లో బుస్సీ పుదుచ్చేరిలో పోయాడు. ఆ మరుసటి ఏడే రేమండ్ నిజాం చెంతకు చేరాడు.

ఇక పుట్టుక. 1755లో సెరిన్యాక్‌లో పుట్టాడంటారు. తార్న్-ఎ-గారోన్ జిల్లాలోని సెరిన్యాక్ అని కూడా రాస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. నెపోలియన్ ఆ జిల్లాను ఏర్పరిచింది 1808లో, రేమండ్ పోయిన పదేళ్ళకు. విజయనగర కాలపు కవిని నంద్యాల జిల్లావాడు అన్నట్టుంది ఇది! పైగా ఆ నైరుతి ఫ్రాన్సులోనే సెరిన్యాక్ పేరు మోసే ఊళ్ళు ఒకటికి మించి ఉన్నాయి: ‘లో’ అనే జిల్లాలో ఒకటి, గారోన్ నది ఒడ్డున మరొకటి. పైన జిల్లా పేరు తగిలించినంత మాత్రాన ఊరు తేలదు.

తేల్చేది చర్చి రిజిస్టరే. ఫ్రాన్సులో 1792 దాకా జననమరణాలు రాసింది గుమాస్తాలు కాదు, ఊరి చర్చి గురువులు. బాప్తిస్మం పద్దులో తల్లిదండ్రుల పేర్లతో పాటు జ్ఞానపిత, జ్ఞానమాతల పేర్లు కూడా ఉంటాయి. నన్నడిగితే తండ్రి పేరు కన్నా వీళ్ళిద్దరి పేర్లే విలువైనవి. వాళ్ళు చాలాసార్లు మేనమామో, మేనత్తో, తాతో అవుతారు. బిడ్డకు వాళ్ళ పేరే పెట్టేవారు. కాబట్టి రేమండ్ మూడు పేర్లలో ఒకటి ఏ బంధువు నుంచి వచ్చిందో పట్టుకుంటే వంశంలో మరో కొమ్మ దొరికినట్టే. సమాధి మీది ‘జె’ చూస్తే, వాడుకలో ఉన్నది జోకిం అని తోస్తుంది. మిషెల్ అని మాత్రమే వెతికేవాడు పద్దును దాటిపోగలడు. అదీగాక దక్షిణ ఫ్రాన్సులో రేమండ్ ఇంటిపేరూ అవుతుంది, పెట్టుకున్న పేరూ అవుతుంది.

ఇటువైపు దాఖలాలు కూడా తక్కువేం కావు. 1776లో ఫ్రెంచి రాజు ఒక శాసనం చేశాడు: వలసల్లో రాసే రిజిస్టర్లకు ఒక నకలు వెర్సాయ్‌కి పంపాలని. పుదుచ్చేరి ఎన్నిసార్లు చేతులు మారిందో మీకు తెలుసు. అలాంటి ఊరికి ఆ ముందుచూపే రక్ష అయింది. ఆ నకళ్ళు ఇప్పుడు ఎక్స్-ఆన్-ప్రావెన్స్‌లోని వలసల భాండాగారంలో ఉన్నాయి. మన యానాంవి కూడా అందులోనే.

వలస వచ్చిన ఫ్రెంచివాళ్ళకు గొప్ప వంశాలు అంటగట్టడం చరిత్రకారులకు కూడా ఉన్న జబ్బే. రేమండ్‌కు ఆ అవసరం లేదు. సరుకులు అమ్ముకోవడానికి వచ్చిన వర్తకుడి కొడుకు, చనిపోయేనాటికి పద్నాలుగు వేలకు పైబడ్డ సేనకు నాయకుడు. ఇంతకన్నా ఆసక్తికరమైన వంశకథ ఏ ప్రభువుకుంది?

ఈ నగరంలో అలయాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచి నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు ఉన్నారు. ఆ రిజిస్టర్లు చాలావరకు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే ఈ పని వాళ్ళకు అప్పగించండి. ముందు ఊరు తేల్చమనండి, బిరుదుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.